ఊడ్చేటప్పటి గాలి

నేను చేసిన ఉద్యోగం ఏమిటో చెప్తే పెళ్లిళ్లలో బంధువులు నవ్వేవాళ్లు. గాలిలో ఏమేం ఎగురుతున్నాయో కొలవడం, అందులోని బూజును పట్టి పెంచి లెక్కపెట్టడం. "జీతమిచ్చి మరీ గాలి పట్టిస్తున్నారా?" అని మా పెద్దాడపడుచు అడిగింది. "ఇస్తున్నారు వదినా, అదీ నెలనెలా" అన్నాను.

రిటైరయ్యాక, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. ఏ పరికరం మంచిది, ఏ పద్ధతి కొత్తది, పైచదువుకి ఎక్కడికి వెళ్లాలి అని అడుగుతారు. అవన్నీ నాకంటే వాళ్లకే బాగా తెలుసు. వాళ్లు అడగని ప్రశ్న ఒకటుంది. పైఅధికారి సంతకం పెట్టమన్నప్పుడు పెట్టకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. గది మారుస్తారు. ఫ్యాను తిరిగే గది నుంచి ఫ్యాను తిరగని గదికి పంపిస్తారు. ఇంకొన్నాళ్లకు అక్కడా ఫ్యాను బాగుచేయించుకుంటాం.

అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు, చెప్పుకోదగ్గవి లేవు కూడా. శంషాబాద్ దగ్గర కూరగాయలు పెంచే ఒక పాలీహౌస్, దాని యజమాని రంగారావు గారు, అందులో పనిచేసిన సుశీల, మా డైరెక్టర్ గారు, నేను. కథంతా వీళ్ల మధ్యనే.

జవాబు జేబులో పెట్టుకొని వచ్చినాయన

విమానాశ్రయం తెరిచిన రెండు మూడేళ్లకు ఆ చుట్టుపక్కల నేల రూపే మారిపోయింది. ఒకవైపు రింగు రోడ్డు పనులు, ఇంకోవైపు లేఅవుట్ల హద్దురాళ్లు. వాటి మధ్య మిగిలిన చెక్కల్లో పాలీహౌస్‌లు లేచాయి. ఇనుప పైపుల మీద తెల్ల ప్లాస్టిక్ కప్పి, లోపల మొక్క మొక్కకూ డ్రిప్ పైపు పెట్టి, పైనుంచి సన్నగా నీళ్లు చిమ్మే ఫాగర్లు బిగిస్తారు. నాలుగు పక్కలా చుట్టి ఎత్తే తెరలుంటాయి. ఎరుపు, పసుపు కాప్సికం, కీర దోస పండిస్తారు. అంతా సిటీ హోటళ్లకు పోయే సరుకు.

రంగారావు గారు గుంటూరు వైపు నుంచి వచ్చి, సిటీలో మోటారు పంపుల వ్యాపారంలో నిలదొక్కుకున్న మనిషి. మావైపు వాళ్లకు నేల కనబడితే చెయ్యి ఊరుకోదు. నాదీ తెనాలి దగ్గరే కాబట్టి ధైర్యంగా అంటున్నాను. ఆయన ఆ పాలీహౌస్‌ను పూజగదిలా చూసుకునేవారు. చెప్పులు బయట విడిచే లోపలికి వెళ్లాలి. వరసల మధ్య దారుల్లో ఒక్క ఎండుటాకు కనబడినా ఆయనకు ముద్ద దిగదు. ఎవరొచ్చినా మొక్కలకంటే ముందు ఆ దారుల్నే చూపించేవారు. "ఇక్కడ అన్నం పెట్టుకొని తినొచ్చమ్మా" అని నాతోనూ అన్నారు.

ఆయన మా ప్రయోగశాలకు వచ్చింది బయటి గాలి మీద ఫిర్యాదుతో. రోడ్డు పనుల దుమ్ము, విమానాల పొగ తన పంట మీద పడుతున్నాయని, కాప్సికం ఆకులకు బూడిద తెగులు వదలడం లేదని. ఆ దుమ్ముకు భయపడి పక్కతెరలు దించే ఉంచుతున్నానని చెప్పారు.

"తెరలు దించితే లోపలి తేమ ఎటు పోతుందండీ?" అని అడిగాను.

"తేమ మొక్కకు మంచిదే కదమ్మా."

"బూజుకు ఇంకా మంచిది."

ఆయన నవ్వి, డైరెక్టర్ గారి వైపు తిరిగి, బయట ఎంత దుమ్ముందో కొలిచి ఒక కాగితం ఇప్పించండి చాలన్నారు. మనల్ని పిలిచేవాళ్లు చాలామంది ఇలాగే జవాబు జేబులో పెట్టుకొని వస్తారు. అది మన చేతిరాతతో కావాలి, అంతే. వాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. లోపలా బయటా రెండూ కొలుస్తాం, ఇష్టమైతే పిలవండి అని చెప్పండి. నేను అదే చెప్పాను.

ఎర్రదారం కట్టిన గ్లాసు

మొదటిసారి జీపులో వెళ్లాం. సిటీ దాటి, ఆరాంఘర్ దాటి, అక్కడికి చేరేసరికి పదకొండయింది. మధ్యాహ్నం భోజనాల వేళ పనివాళ్లు లోపల నీళ్ల డ్రమ్ము దగ్గర గుండ్రంగా కూర్చున్నారు. ఒకామె మాత్రం బయట, ప్లాస్టిక్ గోడవార, ఒక్కతే కూర్చొని తింటోంది. పక్కన కుండ ఉంది. ఇటుక మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది, దానికి ఎర్రదారం కట్టి ఉంది.

సూపర్‌వైజర్ యాదయ్యను అడిగాను, ఆ దారం ఎందుకని.

"ఆమెకు దగ్గు ఉంది మేడం. టీబీ అంటున్నరు. గందుకే గ్లాసు వేరే పెట్టినం. ఎవ్వలు ముట్టకుంట దారం కట్టినం" అన్నాడు. దాచుకునే విషయంలా కాకుండా, జాగ్రత్తలు బాగానే తీసుకుంటున్నామన్నట్టు చెప్పాడు.

ఆమె వింటూనే ఉంది. ముద్ద పక్కన పెట్టింది. "టీబీ లేదు మేడం. దవాఖానల తెమడ చూసిండ్రు, ఛాతి ఫోటో తీసిండ్రు. లేదని రాసిచ్చిండ్రు. చూపిస్తే ఎవ్వలు సదువుతలేరు."

ఆమే సుశీల. ఉండేది గగన్‌పహాడ్‌లో. అంతకుముందు అక్కడే ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో పనిచేసేదట. ఆ వాసన పడక, పచ్చటి మొక్కల మధ్య మంచి గాలి ఉంటుందని ఇక్కడ చేరిందట. చేరిన ఏడాదికి దగ్గు మొదలైంది.

"ఎప్పుడూ ఉంటుందా?" అన్నాను.

"క్రిస్మస్‌కు వారం రోజులు పనికి రాలే మేడం. సంఘంల పాటలన్ని నేనే ఎత్తుకున్న. ఒక్క దగ్గు రాలే. మల్ల పనికొచ్చిన దినమే పొద్దుగూకే యాళ్లకు జరం, ఛాతి పట్టేసుడు. ఏంది మేడం, ఇది గిట్ల ఉంటదా టీబీ?"

రంగారావు గారితో మాట్లాడాను. ఆయన కఠినుడు కాదు. "మనిషి మంచిదేనమ్మా, పనిమంతురాలు. కానీ తినే సరుకు కదా, రేపు ఎవరైనా ఒక మాటంటే? ఈ నెలాఖరు దాకా చూసి మానిపిస్తాను" అన్నారు. ఆ మాట సుశీలకు అప్పటికే తెలుసు. మేం సామాను జీపులో పెడుతుంటే వచ్చి నా పక్కన నిలబడింది.

"పని పోతే ఇంకో పని చూసుకుంట మేడం. గని టీబీ అని పంపితే ఈ చుట్టుపక్కల ఏ తోటల పెట్టుకోరు. మా సంఘంల సుత పక్కకు కూసోరు. జర గాలి మంచిగ చూడుండ్రి."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. డాక్టరు లేదన్న రోగాన్ని ఒక ఎర్రదారంతో ఖాయం చేసేశారు.

పదకొండు గంటల గాలి

గాలి పట్టే యంత్రం చిన్నదే. లోపల పెట్రీ ప్లేటు ఉంటుంది, ఆ చిన్న గాజు పళ్లెంలో జెల్లీలాంటి మేత పోసి ఉంటుంది. యంత్రం గాలిని పీల్చి దాని మీద కొడుతుంది. గాలిలోని బూజు బీజాలు అందులో పడి, కొద్దిరోజుల్లో మొలకెత్తి కంటికి కనబడతాయి. మచ్చలు ఎన్నో లెక్కపెడితే ఆ గాలి ఎలాంటిదో తెలుస్తుంది.

ఆ రోజు బయట దుమ్ము ఉంది, ఆ రోడ్డు పనుల పక్కన అది ఉండేదే. లోపలి ప్లేట్లలో మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి మచ్చలు. మా వంటింట్లో పెట్టినా అన్ని వస్తాయి. ఇంకోసారి వెళ్లాం, మళ్లీ పదకొండు గంటలకే, మళ్లీ అంతే. డైరెక్టర్ గారు సంతోషించారు. "లోపలి గాలి సంతృప్తికరం అని రాసెయ్యండి. ఆయనకు కావలసిన దుమ్ము లెక్క ఆయనకిద్దాం."

"మరి ఆ సుశీల దగ్గు?"

"మీరు డాక్టరా?"

"కాదు సార్. డాక్టరు టీబీ లేదన్నాడు. సెలవు పెడితే తగ్గి, పనికొస్తే పెరుగుతోంది. టీబీకి క్రిస్మస్ సెలవులుంటాయా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కోపం వచ్చినప్పుడు అలా చేసేవారు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. నా సర్వీసులో చెడ్డవాళ్ల వల్ల పాడైన పనులకంటే భయస్థుల వల్ల పాడైనవే ఎక్కువ. చెడ్డవాడితో పోట్లాడొచ్చు. భయస్థుడు మన భుజం మీద చెయ్యివేసి, మీ మంచికే చెప్తున్నానమ్మా అంటాడు.

నేను నివేదిక రాయకుండా ఇంకోసారి వెళ్తానన్నాను. మొండిది అని నన్ను అక్కడ అందరూ అనుకునేవాళ్లే కాబట్టి ఆయన పెద్దగా అడ్డు చెప్పలేదు.

మొదటి బస్సు

మూడోసారి వెళ్లాల్సిన రోజు జీపు వర్క్‌షాపులో ఉంది. రేపు వెళ్దాం అన్నాడు డ్రైవరు. నేను యంత్రం బ్యాగులో పెట్టుకొని తెల్లారేసరికి ఆరాంఘర్ చౌరస్తాలో బస్సెక్కాను. గగన్‌పహాడ్‌లో సుశీల ఎక్కింది. నన్ను చూసి కంగారుపడింది.

"గింత పొద్దుగాలనే వస్తున్నరేంది మేడం? ఇంక ఊడ్వలేదు."

"ఊడవకపోతే ఏం?"

"మీరొస్తున్నరని యాదన్న అందర్ని జల్ది రమ్మన్నడు. మీరొచ్చే దినం రెండుమాట్లు ఊడుస్తం. ఊడ్చి, నీళ్లు చిమ్మి, తెరలు లేపి పెడ్తం. సార్‌కు ఒక్క ఆకు కనబడొద్దు."

బస్సు శంషాబాద్ చేరేదాకా ఆ మాటే బుర్రలో తిరిగింది. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే ముందు ఊడవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఊడవని ఇంట్లో పని మొదలుపెడితే మా అమ్మ ఒప్పుకునేది కాదు. ఆ మర్యాదే రంగారావు గారి తోటలో ప్రతి పొద్దునా జరుగుతోంది, మేం వచ్చే రోజున రెండింతలు జరుగుతోంది.

వెళ్లి చూశాను. ముందురోజు కత్తిరించిన ఆకులు దారుల్లోనే పడి ఉన్నాయి. తెగులు పట్టిందని తీసేసిన ఆకులే అవన్నీ. రాత్రంతా తెరలు దించిన ఆ తేమలో వాటిమీద బూజు బాగా మేసింది. పైభాగం ఆరి పొడిగా ఉంది. సుశీల, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కొంగు నడుముకు దోపి, వంగి, పొడి చీపుర్లతో ఊడవడం మొదలుపెట్టారు. ప్లాస్టిక్ లోంచి పడుతున్న లేత ఎండలో ఆ దుమ్ము పైకి లేచి అలాగే నిలబడిపోయింది. తెరలు దించే ఉన్నాయి, అది పోవడానికి దారి లేదు. నాకు వరసగా తుమ్ములు. సుశీల మధ్యమధ్య ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని దగ్గి, మళ్లీ వంగుతోంది.

నేను యంత్రాన్ని స్టాండుకు బిగించలేదు. మా స్టాండు నిలబడ్డ మనిషి ముక్కు ఎత్తున ఉండేది, అలా ఎవరు పెట్టారో, పెట్టినవాడు జన్మలో ఊడ్చి ఉండడు. ఒక ఖాళీ క్రేటు బోర్లించి, వంగిన మనిషి ముఖం దగ్గర ఉండేట్టు దాని మీద పెట్టాను.

యాదయ్య పరిగెత్తుకొచ్చాడు. "మేడం, జర ఆగుండ్రి. ఊడ్చినంక పెట్టుండ్రి. మిషన్‌కు దుమ్ము పడ్తది."

"పడాలనే పెట్టాను యాదయ్యా."

"సార్‌కు తెలిస్తే నన్ను తిడ్తడు. మీరు పదకొండు గంటలకు రాండ్రి మేడం, అప్పుడు మంచిగుంటది."

పాపం, అతను నిజమే చెప్పాడు. పదకొండు గంటలకు మంచిగానే ఉంటుంది. దుమ్ము కిందికి దిగిపోతుంది, ఫాగర్లు చిమ్ముతాయి, తెరలు లేస్తాయి. రెండుసార్లూ మాకు చూపించింది పెళ్లిచూపుల ముఖమే. అందులో మోసమేమీ లేదు. పని జరిగే గాలిని కొలవడానికి వచ్చినవాళ్లం, పని అయిపోయాక రావడమేమిటని మాలో ఎవరికీ తట్టకపోవడమే అసలు తప్పు. ఆఫీసు జీపు టైముకు గాలి కూడా వచ్చి నిలబడుతుందనుకున్నాం.

నాలుగు రోజులకు ఆ ప్లేట్లు తీసి చూశాను. అంచు నుంచి అంచు దాకా ఆకుపచ్చ, నలుపు, బూడిదరంగు. ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. లెక్కపెట్టడానికి ఖాళీ లేదు.

సంతకం

డైరెక్టర్ గారి బల్ల మీద నేను రాసిన నివేదిక, దాని మీద రెండు ప్లేట్లూ పక్కపక్కన పెట్టాను, పదకొండు గంటలదీ, ఊడ్చేటప్పటిదీ. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

"మూత ఉంది సార్, ఏం కాదు" అన్నాను.

"ఇది మామూలు పరిస్థితి కాదు కదమ్మా. దుమ్ము లేపుతున్నప్పుడు తీసిన నమూనా ఇది."

"ప్రతి పొద్దునా లేపుతున్నారు. వాళ్లకు అదే మామూలు. పదకొండు గంటలదే మామూలు కాదు."

"గాలిలో బూజు ఇంత ఉండకూడదని మన దగ్గర ఏ ప్రమాణమైనా ఉందా? చూపించండి."

లేదు. ఆ సంగతి నాకు తెలుసని ఆయనకు తెలుసు.

"ప్రమాణం లేనిదాన్ని ప్రమాదం అని మనమెలా రాస్తాం? ఈ పాలీహౌస్‌లు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. కూరగాయల తోటలో బూజు అని మన కాగితం మీద ఉంటే రేపు పేపర్లో వస్తుంది. ఊడ్చేటప్పటి లెక్కల పేజీ తీసేసి సంతకం పెట్టండి. మీ మంచికే చెప్తున్నాను."

"ప్రమాదం అని రాయను సార్. చూసింది రాస్తాను. ఊడుస్తున్నప్పుడు ఇంత, ఊడ్చాక ఇంత. చదివేవాళ్లు అనుకుంటారు ఏమనుకోవాలో."

"ఆ పేజీ ఉంటే నేను పంపను."

"ఆ పేజీ లేకపోతే నేను సంతకం పెట్టను."

అంతే సంభాషణ. ఆకాశమేమీ విరిగిపడలేదు. బయటికొచ్చి టీ తాగాను. వారం తిరక్కుండా వేరే ఒకతను సంతకం పెట్టాడు, నివేదిక వెళ్లిపోయింది. బయటి దుమ్ము లెక్క, కింద ఒక్క వాక్యం: లోపలి గాలి సంతృప్తికరం. అతన్ని నేను తిట్టుకోలేదు. ఇంటికి వెళ్లి పిల్లల ముఖాలు చూసుకోవాల్సినవాడు. నాకూ పిల్లలున్నారు, వాళ్ల ముఖాలు చూసుకోవాలనే నేను పెట్టలేదు. నన్ను నీళ్ల విభాగానికి, వెనకవైపు గదికి మార్చారు. ఫ్యాను సంగతి ముందే చెప్పాను కదా.

ఈ లోపల నెలాఖరు వచ్చింది. సుశీలను మానిపించారు. ఆ సంగతి తనే ఫోన్ చేసి చెప్పింది. మా కాగితం చూసి రంగారావు గారు, లోపల గాలి బాగుందని సర్కారు వాళ్లే రాశారు, దగ్గు నీ ఒంట్లోదే అన్నారట. మేం రాసిన వాక్యంతోనే ఆమెను గేటు దాటించారు. మా ఆఫీసు మీద, ఆ వాక్యం మీద, శుభ్రంగా ఉన్న ఆ దారుల మీద కోపంతో ఊగిపోయాను.

పాత ప్లేట్లన్నీ బూజు చచ్చేలా ఉడకబెట్టి పారేయమని డైరెక్టర్ గారు చెప్పి ఉన్నారు. అన్నీ ఉడకబెట్టాను, రెండు తప్ప. వాటికి చుట్టూ టేపు వేసి బ్యాగులో పెట్టుకున్నాను.

రంగారావు గారు పొద్దున్నే వచ్చిన రోజు

సిటీలో ఆయన పంపుల షాపుకు వెళ్లాను. కౌంటరు మీద ప్లేట్లు పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు.

"ఇది నా తోటలోదా?"

"మీ తోటదే. మీరు నిద్రలేవకముందు."

"నా తోటలో ఒక్క ఆకు కనబడదమ్మా."

"ఆకులు కనబడకుండా చేసేటప్పుడే ఇది లేస్తోందండీ. నా మాట నమ్మొద్దు, మా కాగితం అసలే నమ్మొద్దు. ఒక్క పొద్దున మీరే వచ్చి ఊడుస్తున్నంతసేపు లోపల నిలబడండి. యాదయ్యకు మాత్రం చెప్పకండి."

ఎల్లుండి వస్తానన్నారు. ఆ పొద్దున నేను వెళ్లేటప్పటికి ఆయన మాట నిలబెట్టుకొని గేటు దగ్గర ఉన్నారు. సుశీలను నేనే రమ్మన్నాను. తను గేటు బయటే నిలబడింది. అనుకోకుండా యజమాని రావడంతో యాదయ్య హడలిపోయి, ఉన్న ఆడవాళ్లందరి చేతా చీపుర్లు పట్టించాడు. తెరలు దించే ఉన్నాయి. రంగారావు గారు చెప్పులు విడిచి, చేతులు వెనక్కి కట్టుకొని, దారి మధ్యలో నిలబడ్డారు. ఆయనకు తెలిసిన తోట కాదది. ఎండ పడేకొద్దీ దుమ్ము తెల్లగా కనబడుతోంది. ముందు ముక్కు రుద్దుకున్నారు. తర్వాత జేబురుమాలు తీశారు. తర్వాత దగ్గు అందుకుంది. వంగి ఊడుస్తున్న ఒకామె చీపురు ఆయన కాళ్ల దగ్గరికి రాగానే ఇక ఆగలేక, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చేసి ఒక క్రేటు మీద కూలబడ్డారు.

"నీళ్లు" అన్నారు.

యాదయ్య లోపలికి పరిగెత్తి డ్రమ్ము దగ్గరున్న గ్లాసులు తెచ్చాడు. అన్నిటి లోపలా పల్చగా బూడిదపొర. ఒకటి తుడిచాడు, ఇంకోటి తుడిచాడు, చేతిగుడ్డకే దుమ్ముంది. రంగారావు గారు వాటిని చూస్తూ దగ్గుతూనే ఉన్నారు.

సుశీల గేటు దాటి లోపలికి వచ్చింది. ఎవరినీ అడగలేదు. గోడవార ఇటుక మీద ఆమె గ్లాసు బోర్లించినట్టే ఉంది. ఆమెను పంపేశాక కూడా దాన్ని ముట్టుకొని తీసేసే ధైర్యం ఎవరూ చేయలేదు. తీసి కడిగి, బయటి కుండలో నీళ్లు ముంచి, ఆయన ముందు పట్టుకుంది. ఎర్రదారం తడిసి గ్లాసుకు అంటుకొని ఉంది.

"సార్, అది ఆమె గ్లాసు" అన్నాడు యాదయ్య గొంతు తగ్గించి.

"అవును సార్, నాదే" అంది సుశీల. "బయట ఉన్నది గిదొక్కటే. దీంట్ల దుమ్ము లేదు."

చీపుర్లు ఆగిపోయాయి. ఆడవాళ్లు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. రంగారావు గారు గ్లాసు వైపు, ఆమె వైపు, ఒకసారి నా వైపు చూశారు. నేను ఏ సాయమూ చేయలేదు. అది ఆయన తేల్చుకోవలసిన సంగతి.

తీసుకొని తాగారు. సగం తాగి ఆగలేదు, మొత్తం తాగారు. ఇంకో గ్లాసు అడిగి అదీ తాగారు. తర్వాత గోటితో ఆ దారం ముడి విప్పబోతే రాలేదు, పంటితో తెంపి కింద పడేశారు.

"ఇప్పుడేం చెయ్యమంటారమ్మా?" అని నన్ను అడిగారు.

"కత్తిరించిన ఆకు ఆ సాయంత్రమే సంచిలో కట్టి బయటికి పంపించండి. పొద్దున్నే ముందు తెరలు ఎత్తించండి. ఊడవక తప్పదంటే తడిపాకే ఊడవాలి. దారుల్లో నాలుగు ఆకులుంటే ఉండనివ్వండి."

"నాలుగు ఆకులు" అన్నారు ఆయన, ఆ మాట మింగుడుపడనట్టు. తర్వాత సుశీల వైపు తిరిగారు. క్షమించమని అడగడం ఆయనకు చేతకాదు, ఆ తరం మగవాళ్లకు చాలామందికి చేతకాదు. "రేపటి నుంచి పనిలోకి రా" అన్నారు.

సుశీల ఖాళీ గ్లాసు ఆయన చేతిలోంచి తీసుకుంది. లోపలికి వెళ్లి, మిగతావాళ్ల గ్లాసులన్నీ కూడా పట్టుకొచ్చి, కుండ పక్కన కడిగి, తన గ్లాసుతో కలిపి వరసగా బోర్లించింది. అప్పుడు చెప్పింది.

"వస్త సార్. గని చీపురు పట్ట. ఎవ్వల్ని పట్టనియ్య."